తెల్లతల గద్ద పిల్ల, బూడిదరంగు కళ్ళు, ఈకల కాళ్ళు

మా స్టూడియోలో ఒక గద్ద ఫోటో పెద్ద సైజులో ప్రింటేసి గోడకి తగిలించాను. అప్పట్నుంచి పెళ్ళి ఆల్బమ్ డిజైన్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ పని పక్కనపెట్టి దాని ముందు నిలబడిపోతున్నారు. అందరూ అడిగేది ఒకటే, "ఇది డాలర్ నోటు మీద ఉండే గద్ద కదా, మన పర్లాకిమిడి దగ్గరికి ఎలా వచ్చింది?" అని. రాలేదండీ. ఆ బాల్డ్ ఈగల్ ఉత్తర అమెరికా పక్షి, మన దేశంలో ఉండదు. తమాషా ఏమిటంటే దాని పిల్లకి తల తెల్లగా ఉండదు, ముదురు గోధుమరంగులో ఉంటుంది, తెల్లబడ్డానికి నాలుగైదేళ్ళు పడుతుంది. నా గోడమీద ఉన్నది అందుకు పూర్తిగా తిరగబడిన రకం. చిన్నప్పుడు తల తెల్లగా ఉండి, పెద్దయ్యేకొద్దీ గోధుమరంగులోకి మారిపోతుంది. ఒడిశాలోని మా గజపతి జిల్లాలోనే, మహేంద్రగిరి వైపు వెళ్ళే కొండదారిలో తీశాను.

దాన్ని ఇంగ్లీషులో చేంజబుల్ హాక్ ఈగల్ అంటారు. తలవెనక పొడుగాటి జుట్టుండే గద్ద. ఇది ఆ గద్దేనని ఎలా తెలిసిందో అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుడుతోంది, అందుకే రాసి పడేస్తున్నా.

ఆషాఢం వస్తే మాకు ముహూర్తాలుండవు. రథయాత్ర హడావిడి కూడా అయిపోయాక స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తప్ప వేరే పని తగలదు. ఆ రోజుల్లో నేనూ మా బావా కారేసుకుని కొండలెక్కుతాం. బావది పాతపట్నం. మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య రాష్ట్రం మారుతుంది గానీ ఆటో మారక్కర్లేదు, అంత దగ్గర. ఆయనకి పక్షుల మీద పెద్ద ఆసక్తేమీ లేదు, డ్రైవింగంటే ఇష్టం, దారిలో జీడితోటల దగ్గర ఆపి తెలిసినవాళ్ళతో రేట్లు మాట్లాడడం అంతకంటే ఇష్టం. కానీ కళ్ళు మాత్రం మహా చురుకు, చెట్టుమీద ఉన్నది నాకంటే ముందే చూసేస్తాడు.

ఆ రోజూ ముందు చూసింది ఆయనే. వాన వెలిసి కాసేపయింది, ఒక సవర గిరిజనుల ఊరు దాటి మలుపు తిరుగుతుంటే రోడ్డు పక్కన పనసచెట్టు, దాని ఎండుకొమ్మ మీద తెల్లగా ఏదో ఉంది.

"అదిగోరా, రాబందు!"

"రాబందు కాదు బావా."

"మరేటది?"

"ముందు ఇంజినాపు, తలుపు మాత్రం తియ్యకు."

ఇది కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. రోడ్డు పక్కన కూర్చున్న గద్దకి కారంటే పెద్దగా లెక్కలేదు. రోజూ చూస్తుంది కాబట్టి ఆగినా అంతగా పట్టించుకోదు. అదే కార్లోంచి మనిషి దిగాడంటే చాలు, లేచిపోతుంది. చాలామంది దగ్గరగా తీద్దామని తలుపు తీసి కాలు కిందపెడతారు, అక్కడితో ఫోటో అయిపోతుంది. కారే మన మాటు. కిటికీ అద్దం మెల్లగా దించి, అంచుమీద బియ్యం పోసి కుట్టిన చిన్న మూట పెట్టి, దానిమీద లెన్సు ఆనించాలి. నాది దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే 150-600 లెన్సు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, పెళ్ళిళ్ళకి అస్సలు పనికిరాదు, ఇంట్లో దానిమీద నాకు పడిన తిట్లు ఇంకెప్పుడైనా చెబుతాను.

పక్షి కదల్లేదు. అదొక్కటే సగం సంగతి చెప్పేసింది, ఎందుకంటే ముదురు గద్దలు కారుని లెక్కచెయ్యకపోయినా అంత దగ్గరలో అంతసేపు కూర్చోవు. పిల్లలకి ఇంకా భయం పూర్తిగా పట్టదు. ఎగరడం వచ్చినా వేట చేతకాదు, గూటి చుట్టుపక్కలే తిరుగుతూ అమ్మానాన్న తెచ్చేదాని కోసం అరుస్తూ ఉంటాయి. ఇదీ మధ్యమధ్యలో నోరు తెరిచి సన్నగా, కొసన సాగదీస్తూ అరుస్తోంది. అరిచినప్పుడల్లా లోపలి గులాబీరంగు నాలుక కనిపిస్తోంది. ముక్కు అంచున ఒక ఈగ వాలి లేస్తోంది, అది వాలినప్పుడల్లా పక్షి కన్ను ఒక్క క్షణం పాలు పోసినట్టు తెల్లబడుతోంది. అది గుడ్డిది కాదు, గద్దలకి రెప్పలు కాక పక్కనుంచి జరిగే మూడో పొర ఒకటుంటుంది. కంటిని కాపాడుకోడానికీ, తడిగా ఉంచుకోడానికీ దాన్ని లాగుతాయి. సరిగ్గా ఆ క్షణంలో పడిన ఫోటో చూసి "పాపం కంట్లో పువ్వేసింది" అనేవాళ్ళున్నారు. వరసగా నాలుగైదు నొక్కితే ఒకదాంట్లోనైనా కన్ను తేటగా పడుతుంది.

ఇక వెలుతురు. తెల్ల తల, వెనక తడిసి నల్లబడ్డ అడవి. తెల్లపంచె కట్టుకున్న పెళ్ళికొడుకుని చీకటి మండపంలో తీసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. చుట్టూ నల్లగా ఉంది కదా అని కెమెరా వెలుతురు పెంచేస్తుంది, దాంతో తెల్లదంతా ఎగిరిపోయి తల కాస్తా సున్నం ముద్దయి కూర్చుంటుంది, ఈకల మీది గీతలేవీ మిగలవు. ఎక్స్‌పోజర్ రెండు మూడు క్లిక్కులు మైనస్‌లోకి దించాను. ఫోటో కొంచెం చీకటిగా వచ్చినా పర్లేదు, కెమెరా పట్టింది పట్టినట్టు దాచే రా (RAW) ఫైలైతే నీడలు తర్వాత లేపుకోవచ్చు, పోయిన తెలుపుని మాత్రం ఎవడూ తిరిగి తేలేడు.

అందరూ తప్పుదారి పట్టేది దీని తర్వాతే. ముఖం బాగా వచ్చింది, కన్ను షార్ప్‌గా ఉంది అని సంతోషపడి అక్కడితో ఆపేస్తారు. అలాంటి ఫోటో గోడకి తగిలించుకోడానికి బాగుంటుంది, పక్షి ఏదో తేల్చడానికి మాత్రం సగమే పనికొస్తుంది. గద్ద పిల్లల్ని పోల్చాలంటే అందంగా ఉండని ఫోటోలు కావాలి. కాళ్ళు, వీపు, తోక అడుగుభాగం, పక్కకి తిరిగిన ముక్కు. నేను ముఖం వదిలేసి లెన్సు కిందికి దించి కాళ్ళు తీస్తుంటే బావ నవ్వాడు, "ఏరా, పెళ్ళికూతురి మెట్టెలు తీస్తన్నావా?" అని.

కాళ్ళే తీశాను. మోకాలి దగ్గర్నుంచి వేళ్ళ మొదలు దాకా ఈకలే, తెల్లటి పైజమా తొడిగినట్టు. వానకి తడిసి కొన్ని పాయలుగా అంటుకుపోయాయి గానీ బోసిగా ఉన్న చోటు ఒక్కటీ లేదు. ఆ ఈకల కింద్నుంచి పసుపుపచ్చ వేళ్ళు, వాటికి నల్లటి గోళ్ళు, వెనకవేలి గోరు మిగతావాటికంటే లావుగా, కొమ్మ బెరడులోకి దిగి ఉంది.

ఆ ఒక్క ఫోటోతో జాబితా సగానికి పైగా కొట్టుకుపోయింది. మన కొండల్లో తల తెల్లగానో లేతగానో కనబడే గద్దల్లో ముందు అనుమానం వచ్చేది పాముల గద్ద పిల్ల మీద. దానికీ తల తెల్లగా ఉంటుంది, దానికీ తలవెనక కుచ్చు ఉంటుంది, దానికీ అడవి అంచులే ఇష్టం. దూరం నుంచి ఈ రెండింటినీ కలగాపులగం చెయ్యనివాడు లేడు. కానీ పాముల గద్ద కాళ్ళకి ఈకలుండవు, పసుపుపచ్చని పొలుసుల కాళ్ళు బోసిగా కనబడతాయి. ముఖంలో ఇంకో గుర్తుంది. కంటికీ ముక్కుకీ మధ్య చర్మం పసుపుపచ్చగా ఉంటుంది, పిల్లకి కూడా, దాంతోపాటు చెవి దగ్గర నల్లటి మచ్చ. నా పక్షికి ముక్కు మొదలంతా బూడిదరంగే, పసుపు అనేదే లేదు, చెవి దగ్గర మచ్చా లేదు.

తేనె గద్ద ఇంకో చిక్కు. దాని రంగులకి ఒక పద్ధతంటూ లేదు, ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా ఉంటుంది, పిల్లల్లో తల లేతగా ఉండేవీ ఉంటాయి. అయితే దాని తల ఒంటికి చాలదన్నట్టు చిన్నగా ఉంటుంది, మెడ సన్నగా సాగుతుంది. తేనెటీగలు కుట్టకుండా ముఖం నిండా చిన్న చిన్న గట్టి ఈకలుంటాయి. కాళ్ళు బోసివే, గోళ్ళు కూడా అంతగా వంకర తిరగవు, తేనెపట్లు తవ్వుకుని లోపలి పురుగులు తినేదానికి కుందేలుని పట్టే గోళ్ళెందుకు? కళ్ళు తెల్లగా ఉండే వైట్ ఐడ్ బజార్డ్ పిల్లకీ తల లేతగానే ఉంటుంది, కానీ అది బాగా చిన్న పక్షి, దానికీ బోసి కాళ్ళే, పైగా ఆ తెల్లకళ్ళు పెద్దయ్యాక వచ్చేవి, పిల్లప్పుడు గోధుమరంగులో ఉంటాయి. పేరు చూసి తెల్లకళ్ళ కోసం వెతికితే పిల్లని ఎప్పటికీ పట్టుకోలేం.

కాళ్ళకి నిండా ఈకలుండే గద్దలు మన దగ్గర వేరే లేవా అంటే ఉన్నాయి. బొనెలీస్ ఈగల్‌కి ఉంటాయి. దాని పిల్లకి కింద ఒళ్ళు తెల్లగా ఉండదు, ఇటుకరంగు కలిసిన లేత గోధుమలో ఉంటుంది, తలమీద జుట్టు ఉండదు. బూటెడ్ ఈగల్‌కీ ఉంటాయి, అది చలికాలం చుట్టం, ఆషాఢంలో ఇక్కడ దానికేం పని? కాబట్టి మిగిలింది జుట్టు గద్దే. ఆ జుట్టు కూడా కాసేపట్లోనే కనిపించింది, గాలి వెనకనుంచి వీస్తే తెల్లతల మీద నాలుగైదు నల్లటి పొడుగు ఈకలు నిటారుగా లేచాయి, కొసలు తెల్లగా ఉన్నాయి.

పిల్లే అని అంత గట్టిగా ఎలా చెప్పగలనంటే రెండు గుర్తులు. కన్ను బూడిదకీ గోధుమకీ మధ్య రంగులో ఉంది, పెద్దవాటికి పసుపుపచ్చగా ఉంటుంది. రెండోది వీపు. పిల్లకి ఈకలన్నీ గూట్లో ఉండగానే ఒక్కసారిగా మొలుస్తాయి కాబట్టి అన్నీ ఒకే వయసువి, ఒకే తాజాదనం, ప్రతి ఈకకీ అంచున లేతరంగు గీత చెక్కుచెదరకుండా ఉంటుంది. పెద్ద పక్షి ఈకలు విడతలవారీగా రాలి మొలుస్తాయి, అందువల్ల రెక్కలో వెలిసిపోయిన పాతవీ, ముదురురంగు కొత్తవీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ కిటుకు ఒక్క జాతికి కాదు, చాలా గద్దలకి పనిచేస్తుంది. ఎగిరే పక్షి ఫోటోలో కూడా రెక్క వెనక అంచు ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఉందంటే పిల్ల కావడానికే ఎక్కువ అవకాశం.

ఊళ్ళో ఉండి గద్దల్ని చూసేవాళ్ళకీ ఇదే తంటా. చేపల మార్కెట్ మీద తిరిగే వాటిలో గరుడపక్షి పెద్దదైతే తెల్ల తల, ఇటుకరంగు ఒళ్ళు, ఎవరైనా చెప్పేస్తారు. దాని పిల్ల మాత్రం ఒళ్ళంతా గోధుమరంగులో ఉండి మామూలు నల్లగద్దలో కలిసిపోతుంది. తోక చూడండి, నల్లగద్దకి తోక చివర చీలినట్టుంటుంది, గరుడ పిల్లకి గుండ్రంగా ఉంటుంది. పెరట్లోకొచ్చి పిచ్చికల్ని ఎత్తుకుపోయే జాలె డేగ ఉంది కదా, పెద్దదానికి పొట్టమీద అడ్డగీతలు, పిల్లకి నిలువుగా కారిన బొట్లు. ఒకే ఇంటి పక్షులని చెబితే నమ్మరు.

మేము చూస్తుండగా ఒక సవర తాత కట్టెలమోపుతో వచ్చి కారు పక్కన నిలబడ్డాడు. మోపు దించలేదు, మెల్లగా ఒడియా, తెలుగు కలిపి మాట్లాడాడు. "పాములు తినేది కాదు బాబూ ఇది. పాములు తినేది కోళ్ళ దగ్గరికి రాదు. ఇది ఎత్తుకుపోద్ది, దీని తల్లి మా కోళ్ళు రెండు పట్టుకుపోయింది." నేను ఈకలూ గోళ్ళూ లెక్కపెట్టి తేల్చినదాన్ని ఆయన కోళ్ళ లెక్కతో తేల్చేశాడు. నిజమే, ఈ జాతి కుందేళ్ళు, ఉడతలు, తొండలు, పక్షులతోపాటు అందితే కోళ్ళనీ వదలదు. "మరి కోపం రాదా తాతా?" అంటే, "కుర్రాళ్ళు పంగలకర్ర తీస్తారు, నేనే తిడతాను. పెద్ద చెట్లు తుఫానులో పోయాయి, ఇది ఎక్కడుంటాది?" అన్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లా మీద పడినప్పుడు కూలిన చెట్లు ఇప్పటికీ అందరికీ గుర్తే. ఇంత పెద్ద గద్దలు, ఒళ్ళే 60 నుంచి 72 సెంటీమీటర్ల పొడుగుండేవి, పుల్లలతో కట్టుకునే బరువైన గూటికి పాత చెట్లే కావాలి. పైగా గుడ్డు పెట్టేది ఒక్కటే. కోళ్ళు పోగొట్టుకున్న మనిషి ఆ మాట అన్నాడంటే, ఊరికే ఫోటో తీసుకుని వచ్చేసే నేను ఇంకేం మాట్లాడతాను.

అందుకే ఏ ఊరో, ఏ మలుపో చెప్పను, అడగొద్దు. ఫోటో పెట్టేటప్పుడు లొకేషన్ ట్యాగ్ తీసేయండి. కోడిపిల్లని దారంతో కట్టి ఎర వేసి ఫోటోలు తీసేవాళ్ళున్నారు, ఫోన్లో అరుపులు వినిపించి పిలిచేవాళ్ళున్నారు, ఆ ఫోటోలు నాకు పంపొద్దు. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న పక్షి. పట్టుకోవడం, పెంచుకోవడం నేరం. నేలమీద పిల్ల కనిపిస్తే జాలిపడి ఇంటికి తెచ్చి పాలు పోసేవాళ్ళని ఏమనాలో తెలీదు, గద్ద పాలు తాగుతుందా అండీ? సరిగ్గా ఎగరడం రాకముందే గూడు వదిలి కొమ్మలమీదికి దిగడం వాటికి మామూలే, అమ్మ దగ్గర్లోనే ఉంటుంది. కుక్కల భయముంటే ఎత్తయిన కొమ్మమీద పెట్టి దూరం జరగండి, నిజంగా రెక్క విరిగితే అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి చెప్పండి.

ఇంటికొచ్చాక మా పక్షుల వాట్సాప్ గ్రూపులో కావాలనే ముఖం ఫోటో ఒక్కటే పెట్టాను. వరసగా పాముల గద్ద, తేనె గద్ద, ఒకాయనైతే బాల్డ్ ఈగల్ ఎక్కడ్నుంచో తప్పించుకొచ్చి ఉంటుందన్నాడు. ఫోన్లో పక్షుల పేర్లు చెప్పే యాప్ ఒకటి కూడా పాముల గద్దే అంది. గ్రూపులో ఒక పెద్దాయన, బాగా తెలిసినవాడే, పాముల గద్దేనని ఇంత పొడుగు వాయిస్ మెసేజ్ పెట్టాడు. అప్పుడు కాళ్ళ ఫోటో వేశాను. కాసేపు గ్రూపులో ఎవరూ టైప్ చెయ్యలేదు. పెద్దాయన ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. అంతకుముందు పెట్టిన వాయిస్ మెసేజ్ మాత్రం తియ్యలేదు, అందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

ఎడిటింగ్ గురించి ఒక్క మాట. పోల్చుకోడానికి పంపే ఫోటోలో రంగులు పెంచకండి. శాచ్యురేషన్ కాస్త లాగితే చాలు, బూడిదరంగు ముక్కు పచ్చబడుతుంది, గోధుమ కన్ను పసుపుగా మారుతుంది, పిల్ల పెద్దదైపోతుంది, జాతే మారిపోతుంది. గోడకి తగిలించేదాంట్లో మీ ఇష్టం. నేనూ గోడమీదిదాన్ని కొంచెం లేపాను.

ఎగరబోయే ముందు మాత్రం అది తెలియజేసింది. గద్దలు లేవబోయేముందు తరచూ ముందుకి వంగి, తోకెత్తి, రెట్ట వేస్తాయి. అది చూడగానే షట్టర్ వేగం పెంచి రెడీగా ఉంటే ఎగిరే ఫోటో దొరుకుతుంది, లేకపోతే ఖాళీ కొమ్మ దొరుకుతుంది. నాకు తోక అడుగుభాగం, దానిమీది సన్నటి అడ్డపట్టీలు, రెక్కల కింది తెలుపు దొరికాయి. బావకి ముందు అద్దం నిండా రెట్ట దొరికింది.

దాన్ని తుడుస్తూ అడిగాడు, ఆడదా మగదా అని. ఇప్పటికీ స్టూడియోకి వచ్చినప్పుడల్లా అడుగుతాడు. ఈ జాతిలో ఆడదానికీ మగదానికీ రంగుల్లో తేడా ఉండదు బావా, ఆడది సైజులో పెద్దది, అంతే. ఒంటరిగా కూర్చున్నదాన్ని చూసి పెద్దదో చిన్నదో ఎలా చెప్పను? పక్కన ఇంకోటి వచ్చి వాలితే అప్పుడు అడుగు.